నిండు చేతులు

రవిక కుడి మణికట్టు హుక్కులు పంకజం ఎడమచేత్తో పెట్టుకుంది. ఎడమవైపు వచ్చేసరికి ఆగింది. కుడిచెయ్యి ఇవాళ భుజం దగ్గర లేవడం లేదు. ఎడమ మణికట్టునే ఒడిలోకి దించి, కుడిచేతి వేళ్ళ దగ్గరికి తీసుకుపోయి, తడుముకుంటూ ఒక్కొక్క హుక్కే తగిలించింది. మూడూ పడ్డాక చెయ్యి చాపి చూసుకుంది. భుజం నుంచి మణికట్టు దాకా ఎక్కడా ముడత లేదు. కాఫీపొడి రంగు రవిక. లోపల నెత్తురు చిమ్మినా పైకి తెలియని రంగు.

వంటింట్లో ఒలికిన కాఫీ ఇంకా గడప వైపు పారుతూనే ఉంది.

మొగుడు తిరువేంగడం అప్పటికే తెల్లచొక్కా తొడుక్కుని, నామం దిద్దుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళుండే మద్రాసు జార్జి టౌన్ సందుకు వెనక సందులోనే మిరపకాయల మండీ. అందులో అతను గుమాస్తా. నెమ్మదస్తుడని పేరు. బస్తాలు మోసేవాళ్ళను కూడా అన్నా అనే పిలుస్తాడు. ఎన్నిసార్లు సబ్బుతో తోముకున్నా అతని అరచేతుల్లో మిరపఘాటు పోదు. అవి పడిన చోట ముందు దెబ్బ తెలుస్తుంది, కాసేపటికి మంట మొదలవుతుంది.

పొద్దున జరిగింది చిన్న సంగతే. ఈ పొద్దు ఆసుపత్రికి పోవాలని, తన రక్తం తీసి బొంబాయికి పంపించారు కదా, ఆ విటమిన్ డి పరీక్ష ఫలితం వచ్చి ఉంటుందని చెప్పింది. అతను కాఫీ లోటా పెదవుల దగ్గర ఆపి నవ్వాడు.

"నీకు డీ తక్కువైందా? లేచినకాడ్నించి వాడీ, పోడీ, ఉక్కారుడీ అని నేను వేస్తానే ఉండా గదా. ఇంకా ఎన్ని డీలు కావాల నీకు?"

రావే, పోవే, కూర్చోవే అని అరవంలో అతను రోజంతా అనే ఆ డీలకు పంకజానికి నిజంగానే నవ్వొచ్చింది. అతని హాస్యానికి మండీలో అందరూ పడి నవ్వుతారు. అయితే అతని నవ్వు ఆగిపోయాక కూడా ఆమె నవ్వు ఒక్క క్షణం నిలిచింది. అదే తప్పయింది. లోటా గోడకు తగిలింది. అతను ఆమె కుడిచేతిని మోచేతి పైన పట్టుకుని వెనక్కి మెలితిప్పాడు. తలుపు చెక్కకేసి భుజాన్ని ఒకసారి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఇత్తడి గరిటె తీసుకుని, రవిక గుడ్డ ఎంతవరకుందో అంతవరకే, మీద నుంచి కిందికి వేసుకుంటూ వచ్చాడు. మణికట్టు దగ్గర ఆగాడు. తర్వాత చేతులు కడుక్కుని, ఇంకో కాఫీ కలపమన్నాడు.

ఎంత కోపంలో ఉన్నా అతని చెయ్యి ఆ గీత దాటదు.

పంకజం పురసవాక్కంలో ఒక జవుళి కొట్టు వెనక కుట్టుగదిలో రవికలు కుడుతుంది. రవికకు ఉండేవీ చేతులే, మనిషికి ఉండేవీ చేతులే. ఈ రెండూ కలగలిసిపోయి కుట్టుగదిలో రోజూ నవ్వులాట. గుడ్డ ఇచ్చిపోయిన రాజలక్ష్మికి చేతులింకా రాలేదంటారు, బుట్టచేతులామె మళ్ళీ వచ్చిందంటారు. పంకజం కూడా పెళ్ళినాటికి బుట్టచేతుల మనిషే. పెళ్ళయిన కొత్తలో ఆ బుట్ట కింద నల్లగా కమిలిన చోటు చూసి, పై వాటాలో ఉండే వాసవాంబ అదేమిటే అని అడిగింది. ఆ మాట చెవిన పడి తిరువేంగడం సిగ్గుతో రెండు పూటలు అన్నం తినలేదు. అన్నం తినని మొగుణ్ణి పంకజమే చూడలేకపోయింది. చేతులు మోచేతి దాకా పెంచి కుట్టుకుంది. అతను అన్నం తిన్నాడు. ఆనాటి నుంచి మోచేతి పైనే కొట్టాడు.

ఒక దీపావళికి పెనం మీది అట్లకాడ గురితప్పి మోచేతి కింద పడింది. ముంజేతి దాకా గుడ్డ పెంచింది. అక్కడి దాకా అతనికి చోటు పెరిగింది. మళ్ళీ పెంచింది. మళ్ళీ పెరిగింది. గుడ్డ ఇస్తున్నది తనేనని ఆమెకు తెలిసేసరికి మణికట్టు వచ్చేసింది. కడుపు మీద మాత్రం అతను ఒక్కసారే తన్నాడు. ఆ తర్వాత తన్నడానికి అందులో ఎవరూ లేకపోయారు.

చూసేవాళ్ళకు ఆమె నిండు చేతుల రవిక మర్యాదగా కనిపించేది. ఈ కాలంలో ఇంత ఒద్దికగా ఎవరుంటారని వాసవాంబ కూడా మెచ్చుకునేది. ఇంట్లో పగలు కూడా బల్బు వెలగాల్సిందే. కుట్టుగదికి కిటికీ లేదు. ఆ గదికీ ఈ గదికీ మధ్య బస్సు. ఇరవై ఏళ్ళు అలా గడిచాక ఎముకలు నొప్పి పెట్టడం మొదలైంది. నడుము, తుంటి, పక్కటెముకలు. నేలమీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. నడిస్తే అటూ ఇటూ ఒరుగుతుంది. ఏం బాతూ, గుడ్డు పెట్టినావా అంటాడు తిరువేంగడం.

ఇల్లు వదిలే ముందు, రోజూ చేసినట్టే, వంటింటి పొగగూటి దగ్గర కాసేపు నిలబడింది. పొద్దున పూట అక్కడ అరచెయ్యంత ఎండ పడుతుంది. చేతులు ఎండకు పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. పంకజం రెండు అరచేతులూ ఎండలో చాపింది. వాటి మీద సూది గుచ్చుకున్న పాత మచ్చలు మెరిశాయి.

*

ఆసుపత్రి రాయపురం వెళ్ళే దారిలో ఉంది. తూర్పు వైపు పొడుగాటి వరండా. కాళ్ళకు కట్లు కట్టిన ఆడవాళ్ళు అక్కడ మంచాల మీద ఎండలో కూర్చుని తల దువ్వుకుంటున్నారు. రేవు వైపు నుంచి చేపల వాసన వస్తోంది.

డాక్టర్ నందితది చిన్న వయసు. వాళ్ళది తెలుగిల్లే. తమిళంలో పెరిగిన తెలుగు ఆవిడది. ఎముకల నొప్పులతో వచ్చే ఆడవాళ్ళ రక్తం తీసి బొంబాయికి పంపించేది ఆవిడే. కిందటిసారి నెత్తురు తీసేవాడు చెయ్యి పైకి లాగమంటే పంకజం ఒప్పుకోలేదు. అరచేతి వెనక నరం చూపించి అక్కడే తీయమంది. వాడు గొణుక్కుంటూ రెండుసార్లు గుచ్చాడు. గుచ్చడం పంకజానికి దెబ్బల్లో లెక్క కాదు.

"పదిహేనన్నా ఉండాలమ్మా. నీకు నాలుగు ఉండాది," అంది నందిత. "మద్రాసులో ఎండ దొరకలేదా నీకు? ఊరంతా ఎండకు ఏడస్తా ఉంటే?"

ఎండ ఒంటికి తగిలితే ఆ విటమిన్ ఒంట్లోనే తయారవుతుందని, అది లేకపోతే తిన్న సున్నం ఎముకకు చేరదని, ఎముక మెత్తబడి వంగుతుందని, చిట్లుతుందని ఆవిడ నిదానంగా చెప్పింది. లోపల క్యాన్వాసు వేయని కాలరు ఎలా వాలిపోతుందో పంకజానికి తెలుసు. తల ఊపింది.

"చేతులు ఎండకు పెట్టమంటిని గదా. పెడతా ఉండావా?"

"రోజూ పెడతా ఉండా డాక్టరమ్మా."

పంకజం అరచేతులు చాపి చూపించింది. నందిత ఒక్క క్షణం అర్థంకాక చూసి, పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, అరచేతులు కాదమ్మా, భుజం కాడ్నించి మొత్తం చెయ్యి అని, గుడ్డ పైకి జరపబోయింది. గుడ్డ జరగలేదు. హుక్కుల దగ్గర వేలు దూరేంత సందు కూడా లేదు.

"ఎవరు కుట్టినారు ఇంత బిగువుగా?"

"నేనే."

నందిత నవ్వు తగ్గింది. ఎక్స్‌రే ఫిలిం తీసి దీపం ముందు పెట్టింది. పక్కటెముకల మీద విరిగి అతుక్కున్న ముడులు, తాడుకు వేసినట్టు, నాలుగైదు చోట్ల కనిపించాయి. ఎడమ తొడ ఎముకలో సన్నటి పగులు. ఎముక మెత్తబడితే ఇలాంటి పగుళ్ళు వాటంతటవే వస్తాయని ఆవిడ అంటుంటే పంకజం ఆ మాటను రెండు చేతులా పట్టుకుంది. అయితే ఆయన వల్ల కాదన్నమాట. రోగం. రోగమని చెబితే ఆయన కూడా కాస్త చూసుకుని మసులుతాడు. మనసులో ఉన్నది ఉన్నట్టే నోట్లోంచి వచ్చేసింది.

"ఎంత గట్టిగా తగిలితే విరుగుతాది డాక్టరమ్మా? కొంచెం మెల్లిగా తగిలితే ఏం కాదు గదా?"

నందిత కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఎవరమ్మా తగిలించేది?"

"మెట్లు," అంది పంకజం. "మా ఇంటి మెట్లు చీకటి."

నందిత మరి అడగలేదు. ఆ తొడకు ఇంకొక్క దెబ్బ తగిలితే ఎముక రెండు ముక్కలవుతుందని, నడక పోవచ్చని చెప్పింది. మిషను తొక్కడం ఆపమంది. కొన్నాళ్ళు ఇక్కడే చేరి, తూర్పు వరండాలో పడుకొమ్మంది. ఆయనకు అన్నం ఎవరు వండుతారని పంకజం అడిగింది. సూది తుంటి మీద వేయించుకుంది. బయటికొస్తూ వరండాలో తల దువ్వుకునే ఆడవాళ్ళను చూసింది. వాళ్ళందరి చేతులూ బయటే ఉన్నాయి.

*

కుట్టుగదిలో కటింగ్ మాస్టరు యతిరాజులు బల్ల మీద వంగి గుడ్డ కత్తిరిస్తున్నాడు. ముసలివాడు. కత్తెర పట్టిన బొటనవేలు శాశ్వతంగా వంకరైపోయింది. పంకజం రవికల గుడ్డ కూడా ఏటేటా ఆయనే కత్తిరించాడు. ప్రతిసారీ ఇంకాస్త పొడుగు కావాలని ఆమె అడిగేది. ఆయన కొలతబద్ద జరిపేవాడు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం హేమమాలిని అనే కాలేజీ పిల్ల వచ్చింది. చేతులు లేని రవిక కావాలంది. కొలత తీసుకోవడానికి పంకజం ఆ పిల్ల భుజం మీద టేపు పెట్టింది. నున్నటి, గోధుమరంగు చెయ్యి. టీకా మచ్చ తప్ప ఇంకే మచ్చా లేదు. ఆంటీ, ఈ ఎండల్లో నిండు చేతులు ఎట్లా ఓర్చుకుంటారు మీరు అని ఆ పిల్ల అడిగింది. పంకజం టేపును చుట్టి చుట్టి చిన్న ఉండ చేసింది.

తర్వాత మిషను దగ్గర కూర్చుని ఒక్క పట్టీ తొక్కేసరికి తొడలో నొప్పి గునపంలా దిగింది. పళ్ళు బిగించింది. యతిరాజులు కత్తెర కింద పెట్టి లేచొచ్చాడు. నీళ్ళిచ్చాడు. ఆమె చేతి మీది గుడ్డను చూశాడు. భుజం దగ్గర కాఫీపొడి రంగు ఒకచోట ఇంకా ముదురుగా, తడిగా ఉంది.

"ఇంటికి పోమ్మా," అన్నాడు. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి, బల్లతో మాట్లాడుతున్నట్టు, మళ్ళీ అన్నాడు. "చేతులు కుట్టేదే కష్టం. విప్పేది ఏముండాది. చంక కాడ దారం పట్టి ఒక్కటి లాగితే వచ్చేస్తాది."

*

ఇంటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. బల్బు వేయలేదు. ఆయన వచ్చేది దీపాల వేళకు. చెబుదామనుకుంది. ఏమని చెప్పాలి? నాకు ఎముకలు మెత్తబడినాయి, తొడ మీద కొట్టొద్దు. అప్పుడు అతను ఏం చేస్తాడో ఊహించుకుంది. నవ్వుతాడు. తర్వాత, తొడ మీద చీర ఉంటుంది కదా.

చేతుల మీద చోటైపోయింది. ఇక మిగిలింది చీర కిందే.

దారాలు కత్తిరించే చిన్న కత్తెర కొంగున ముడేసుకుని మిద్దె మెట్లెక్కింది. ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి పెట్టి, గోడను గోళ్ళతో పట్టుకుని ఎక్కింది. పైన తలుపు తోయగానే ఎండ ముఖాన కొట్టినట్టు తగిలింది.

వాసవాంబ మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకుని, నీళ్ళ తొట్టి నీడలో కాకుల కర్ర పట్టుకుని కూర్చుంది. పక్కింటి మిద్దె మీద ఇద్దరు ఆడవాళ్ళు చీరలు ఆరేస్తున్నారు. ఈ వరసలో మిద్దెలన్నీ కలిసే ఉంటాయి. మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ.

"ఏమ్మే పంకజం, ఈ పొద్దు నువ్వు కూడా ఎండేదానికి వచ్చినావా?" అంది ముసలమ్మ.

పంకజం పిట్టగోడ మీద కూర్చుంది. కత్తెర మొన చంక దగ్గర కుట్టులో దూర్చి దారం తెంపింది. కొస పట్టుకుని లాగింది. తను వేసిన కుట్టు తనకే లొంగలేదు మొదట. మళ్ళీ లాగింది. సర్రున ఊడింది. హుక్కులు తీసి చేతిని కిందికి లాగేసింది. భుజం దగ్గర గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంటే, కళ్ళు మూసుకుని పీకింది. రెండోది కూడా విప్పింది. అలవాటు కొద్దీ, విప్పిన చేతుల హుక్కులు మళ్ళీ పెట్టి, మడతలు లేకుండా సవరించి, గోడ మీద పక్కపక్కన పరిచింది. గాలికి ఎగిరిపోకుండా మీద ఇటుకముక్క పెట్టింది.

తర్వాత రెండు చేతులూ ఎండలోకి చాపింది.

పసుపు, ఆకుపచ్చ, ఊదా, నలుపు. జవుళి కొట్టులో అన్ని రంగుల గుడ్డలూ ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. గరిటె అంచు పడిన చోట ఇవాళ్టి ఎరుపు. మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు. పక్క మిద్దె మీద చీర ఆరేసే ఆమె చేతులు అలాగే గాలిలో ఆగిపోయాయి. వాసవాంబ కర్ర పట్టుకుని లేచి దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసింది. కాకి దిగి వడియం ఎత్తుకుపోయినా తిరగలేదు.

"అప్పుడు ఒక్కసారి అడిగి ఊరుకుంటిని," అంది చివరకు. "ఇంకోసారి అడక్కపోతిని గదే."

ఎండ మంటగా ఉంది. అయినా ఈ మంట వేరు. పంకజం కదలలేదు.

కబురు మండీకి ఎవరు చేర్చారో, తిరువేంగడం దీపాల వేళకు ముందే వచ్చాడు. మెట్లమీద చెప్పుల చప్పుడు వినగానే పంకజం మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. అతను తలుపులో నిలబడ్డాడు. భార్య చేతులు చూశాడు. వాటిని చూస్తున్న ఆడవాళ్ళను చూశాడు. ఇప్పటికి ఆ చుట్టుపక్కల మిద్దెల మీద చాలామంది ఉన్నారు.

"కిందికి రాడీ," అన్నాడు. గొంతు మండీలో అన్నా అన్నంత మెత్తగా ఉంది.

ఆ మెట్ల చీకటి పంకజానికి గుర్తొచ్చింది.

"ఎండ ఇంకా ఉండాది," అంది.

అతను వడియాలు తొక్కుకుంటూ వచ్చాడు. చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. కళ్ళు ఆమె భుజం నుంచి మణికట్టు దాకా, మణికట్టు నుంచి భుజం దాకా వెతికాయి. దాచిన చోటు ఒక్కటీ లేదు. పాపం, ఆ క్షణంలో అతను నిజంగానే దారి తప్పినవాడిలా కనిపించాడు. మరుక్షణం అతని చూపు కిందికి దిగింది. చీర కుచ్చెళ్ళ మీద నిలిచింది.

కాలు ఎత్తి తన్నాడు.

పచ్చి కొమ్మ విరిచినప్పుడు వచ్చేంత చిన్న చప్పుడు. పంకజం పిట్టగోడ మీంచి జారి వడియాల చాప మీద పడింది. అరవలేదు. అరిచింది పక్క మిద్దె మీది ఆడవాళ్ళు. రెండోసారి లేచిన అతని కాలి మీద కాకుల కర్ర పడింది. మళ్ళీ పడింది. డెబ్భై ఏళ్ళ వాసవాంబ ఊపిరి ఎగబోస్తూ, కర్ర విరిగేదాకా కొట్టింది. అతను చేతులు అడ్డం పెట్టుకుని తలుపు దాకా వెనక్కి వెళ్ళాడు. చూసేవాళ్ళు ఎక్కువయ్యారు. తెల్లచొక్కా సర్దుకుని దిగిపోయాడు.

పిట్టగోడలు దాటి ఆడవాళ్ళు వచ్చారు. చాపతో సహా ఆమెను ఎత్తారు. మెడ కింద, నడుము కింద, విరిగిన తొడ కింద, ఎవరివో తెలియని చేతులు. ఎక్కడికని ఒకరు అడిగారు. రాయపురం దారిలో ఆసుపత్రికని, తూర్పు వరండా అని చెప్పింది పంకజం. మన మెట్లు దిగొద్దని కూడా చెప్పింది. వాళ్ళు ఆమెను పిట్టగోడ మీదుగా పక్క మిద్దె మీదికి, అక్కడి వెడల్పు మెట్ల మీదుగా అవతలి సందులోకి దించారు. రిక్షా గంట వినిపించింది. వాసవాంబ పక్కనే ఎక్కి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

పంకజం ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.

మిద్దె మీద ఎవరూ మిగల్లేదు. కాకులు దిగి, నలిగిన వడియాలు నిదానంగా ఏరుకు తిన్నాయి. పిట్టగోడ మీద ఇటుకముక్క కింద రెండు కాఫీపొడి రంగు చేతులు, మణికట్టు దగ్గర హుక్కులన్నీ బిగించి ఉన్నవి, సముద్రపు గాలికి లోపల ఎవరో ఉన్నట్టు ఉబ్బుతూ, అణుగుతూ ఉన్నాయి.